చక్రాల ఇల్లు, చెంబెడు నీళ్ళు



తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లె చేరి ఆగిపోతుంది. పట్టాలు అక్కడితో సరి. ఆ పైన సముద్రం చూడాలంటే నిజాంపట్నం వైపు బస్సో, ఆటోయో ఎక్కాలి. తీరా సముద్రం చూసి, కాళ్ళు తడుపుకుని, నాలుగు గవ్వలు ఏరుకునేసరికి, "పొద్దు పోతున్నది, ఇంటికి పోదాం పదండి" అంటుంది అమ్మ. మీకు మటుకు కదలబుద్ధి కాదు.

సరిగ్గా అప్పుడు మీ ఇల్లే మీ వెంట వచ్చి ఇసుక పక్కన నిలబడి ఉంటే ఎలా ఉంటుంది? దానికి నాలుగు చక్రాలు, ముందు ఒక ఇంజను. లోపల పడకలు, పొయ్యి, పుస్తకాల అర. వంట అక్కడే, నిద్ర అక్కడే. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా సముద్రం!

ఇది ఉత్త ఊహ కాదు. అటువంటి ఇంట్లో ఒక్క రోజు కాదు, చలికాలమంతా సముద్రపు ఒడ్డున గడిపేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఈ నెల వాళ్ళ సంగతి చెబుతాను. చివరకు మళ్ళీ మన ఒడ్డుకే వద్దాం. ఎందుకంటే, వాళ్ళు ఆ బండ్లలో నేర్చుకునే పాఠం ఒకటి మన బాపట్ల ఇసుకలో ఎప్పటి నుంచో ఉన్నది.

గూడుబండి నుంచి కాంపర్ దాకా

చక్రాల ఇల్లు మనకు మరీ కొత్తదేమీ కాదు. మీ ఊళ్ళో బాగా పెద్దవాళ్ళను అడిగి చూడండి. కార్తీక పున్నమికి సముద్రస్నానం చెయ్యటానికి జనం పల్లెల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని ఒడ్డుకు వచ్చేవారు. బండి మీద వెదురుబద్దలు వంచి గూడు కట్టేవారు. లోపల గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, ఒక పక్క పులిహోర గిన్నె, ఇంకో పక్క మంచినీళ్ళ కుండ పెట్టుకునేవారు. రాత్రికి ఎడ్లను విప్పి, పిల్లలు బండిలో, పెద్దలు బండి కింద పడుకునేవారు. ఆలోచిస్తే అది రెండెడ్లు లాగే ఇల్లే గదా! ఆ మంచినీళ్ళ కుండను మటుకు మరిచిపోకండి. దానితో మనకు ముందు ముందు పని ఉన్నది.

ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అనే ఆయన ఉండేవాడు. నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి, తరువాత పిల్లల కోసం సాహస కథలు రాసినవాడు. ఆయన 1885లో బ్రిస్టల్ నగరంలో ఒక పెద్ద బండి చేయించుకుని, దానికి "వాండరర్" అని పేరు పెట్టాడు. అంటే దేశదిమ్మరి అన్నమాట. రెండు గుర్రాలు దాన్ని లాగేవి. ఆ బండిలోనే తింటూ, పడుకుంటూ, రాసుకుంటూ ఆయన ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా ప్రయాణం చేశాడు. అంతకు పూర్వం చక్రాల ఇళ్ళలో తిరిగినవాళ్ళు చాలావరకు పొట్టకూటి కోసం తిరిగినవాళ్ళు. కేవలం వేడుక కోసం చేయించుకున్న తొలి బండ్లలో స్టేబుల్స్ బండి ఒకటి.

తరువాత గుర్రాల చోటికి మోటారు వచ్చింది. వానులోనే పడక, పొయ్యి అమర్చిన బండ్లు వచ్చాయి. వీటినే కాంపర్ బండ్లు అంటారు. కొన్ని మన మినీబస్సు అంత ఉంటాయి. కొన్ని పెద్ద బస్సు అంత ఉండి, లోపల స్నానాల గది కూడా ఉంటుంది.

మంచు దేశపు వలస పక్షులు

అయితే, ఉన్న ఇల్లు వదిలి చలికాలమంతా బండిలో ఉండవలసిన అవసరం ఏమిటి? అది తెలియాలంటే అక్కడి చలి తెలియాలి.

మనకు జనవరి తెల్లవారుజామున పద్ధెనిమిది డిగ్రీలు ఉంటేనే దుప్పటి ముసుగు తియ్యం. కెనడా దేశం నడిబొడ్డున జనవరిలో సున్నకు ఇరవై, ముప్ఫై డిగ్రీలు దిగువకు చలి పడిపోవటం ఉన్నది. చెరువులు గడ్డకట్టి, పిల్లలు వాటి మీద జారుడు ఆటలు ఆడతారు. మర్నాడు కారు కదలాలంటే రాత్రిపూట దాని ఇంజనుకు కరెంటు తీగ తగిలించి వెచ్చగా ఉంచవలసి వస్తుంది. పిల్లలకు అదంతా సరదాగానే ఉంటుంది. కాని డెబ్బై ఏళ్ళ తాతయ్యకూ అవ్వకూ వాకిట్లో మంచు ఎత్తిపోయటం, జారే దారి మీద నడవటం ప్రమాదం.

అందుచేత పని విరమించిన పెద్దవాళ్ళు చాలామంది శరదృతువు ముగిసేసరికి ఇల్లు తాళం వేసి, బండి ఎక్కి, దక్షిణానికి దారి తీస్తారు. వసంతం వచ్చాక తిరిగి వెళతారు. పక్షుల మాదిరి వచ్చిపోతారు గనక వాళ్ళను "స్నోబర్డ్స్" అంటారు. యూరపులో చలి దేశాలవాళ్ళు స్పెయిను, పోర్చుగల్, మొరాకో ఒడ్డులకు చేరతారు. కెనడా, అమెరికావాళ్ళలో చాలామంది ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాలకు పోతారు. కొందరు ఇంకా సాహసం చేసి సరిహద్దు దాటి మెక్సికోలోకి పోతారు. మనం ఈ చివరివాళ్ళ వెంట పోదాం.

తాటాకు పాక వంటి పలాపా

అట్లాసు తీసి ఉత్తర అమెరికా పటం చూడండి. పడమటి అంచున, అమెరికా సరిహద్దు నుంచి కిందికి, సన్నగా ఒక వేలు వంటి నేల దిగి ఉంటుంది. దాని పేరు బాహా కలిఫోర్నియా. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, రెండో పక్క కలిఫోర్నియా సింధుశాఖ. ఈ నేలలో ఎక్కువ భాగం ఎడారి. 1973కు ముందు ఈ వేలు పొడవునా సరైన రోడ్డు లేదు. ఆ ఏడాది చివర 1700 కిలోమీటర్ల తారురోడ్డు పూర్తి అయింది. అప్పటి నుంచి చక్రాల ఇళ్ళకు దారి దొరికింది. విహారానికి వచ్చేవారిని మెక్సికో ప్రభుత్వం 180 రోజులకు మించకుండా ఉండనిస్తుంది. చలికాలం గడపటానికి అది చాలు.

సరిహద్దు పట్నమైన తిహ్వానా దగ్గర మొదలుపెట్టి సుమారు వెయ్యి కిలోమీటర్లు పోవాలి. దారి పొడవునా రాళ్ళు, కొండలు, కార్దోన్ అనే మహా జెముడు చెట్లు. లోకంలో అంత ఎత్తు పెరిగే జెముడు జాతులు అరుదు. మన కొబ్బరిచెట్టంత ఎత్తున నిలువుగా లేచి ఉంటాయి. ఆ ఎండు నేల మధ్య హఠాత్తుగా ఒక పచ్చని లోయ కనిపిస్తుంది. ఊట నీటితో నిండిన చిన్న నది, దాని వెంట వేలకొద్దీ ఖర్జూరపు చెట్లు. ఆ ఊరి పేరు ములెహే. స్పెయిను దేశపు మతగురువులు అక్కడ 1705లో మఠం పెట్టుకున్నారు. ఎందుకు అక్కడే పెట్టారంటే మంచినీరు అక్కడే ఉన్నది గనక!

ములెహే దాటి కొంచెం దక్షిణంగా పోతే బాహియా కోన్సెప్సియోన్ అనే అఖాతం వస్తుంది. నలభై కిలోమీటర్ల దాకా పొడవు. మూడు వైపులా కొండలు కాపు కాస్తాయి గనక లోపలి నీరు చాలా రోజులు చెరువులాగా ఉంటుంది. దాని ఒడ్డున సాంతిస్పాక్, కోయోతే, ఎల్ రెకెసోన్ అనే ఇసుక తీరాలు ఉన్నాయి. చలికాలపు కాంపర్ బండ్లు ఆగేది ఇక్కడే.

ఇక్కడ మేడలు లేవు, పాలరాయి లేదు, మీటనొక్కితే వెలిగే దీపస్తంభాలు లేవు. ఇసుక అంచున వరసగా కర్రలు పాతి, తాటి జాతి ఆకులు కప్పిన పందిళ్ళు ఉంటాయి. వాటిని పలాపాలు అంటారు. మీరు చూస్తే, "ఇదేమిటి, మన ఊరి తాటాకు పాక ఇక్కడికెలా వచ్చింది?" అంటారు. బండిని పలాపా పక్కన నిలుపుకుని, రోజుకు ఇంత అని అక్కడి స్థానికులకు రుసుము ఇచ్చుకుని, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండవచ్చు.

ఎల్ రెకెసోన్ దగ్గర ఒక చిన్న లంక ఉన్నది. ఆటు సమయంలో నీరు తగ్గి, ఒడ్డుకూ లంకకూ మధ్య ఇసుక బాట తేలుతుంది. నడిచి పోవచ్చు. పోటు వచ్చిందా, బాట మాయం! కొన్ని రాత్రులలో నీటిలో చెయ్యి ఆడిస్తే నీలం వెలుగు మెరుస్తుంది. అది మాయ కాదు. కంటికి కనిపించనంత చిన్న జీవులు నీటిలో ఉండి, కదిపితే వెలుగు చిమ్ముతాయి. మన మిణుగురుల వెలుగు లాగే అది కూడా చల్లని వెలుగు.

తోడుగా మరికొందరు అతిథులు

చలికి తాళలేక అక్కడికి వచ్చేది మనుషులు మాత్రమే కాదు. ఆ వేలికి రెండో పక్క, పసిఫిక్ వైపున, సాన్ ఇగ్నాసియో అనే ఉప్పు కయ్య ఉన్నది. ప్రతి చలికాలం బూడిద రంగు తిమింగలాలు ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రాల నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ అక్కడికీ, అటువంటి మరికొన్ని కయ్యలకూ వస్తాయి. లోతు లేని వెచ్చని నీటిలో పిల్లల్ని కంటాయి. 1970ల నుంచి కొన్ని తల్లి తిమింగలాలు పిల్లలతో సహా పడవల పక్కకు తమంతట తామే వచ్చి, మనుషుల చేత తాకించుకుని పోతున్నాయి. ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో సంస్థ 1993లో ఆ తిమింగలాల ఆశ్రయాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

"మన ఒడ్డుకు అటువంటి అతిథులు రారా?" అంటారేమో. ఎందుకు రారు! చలికాలంలో కృష్ణ సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన, బురద మేటల మీద చూడండి. సన్నని పొడుగు ముక్కులతో బురద గుచ్చుకుంటూ గబగబా పరుగెత్తే ఉల్లంకి జాతి పిట్టలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు హిమాలయాలకు ఆవల నుంచీ, సైబీరియా నుంచీ వచ్చినవే. మన రేపల్లె ఒడ్డు వాటికి విదేశపు విడిది!

నూటయాభై లీటర్ల సంసారం

ఇక చక్రాల ఇంట్లోకి తొంగి చూద్దాం. బండి పైకప్పు మీద సోలార్ పలకలు ఉంటాయి. పగలు ఎండ తగిలితే అవి కరెంటు పుట్టించి బ్యాటరీ నింపుతాయి. రాత్రికి దీపం, ఫ్యాను ఆ బ్యాటరీతో నడుస్తాయి. పొయ్యికి మన ఇంట్లో మాదిరే గ్యాస్ బండ. ఎడారిలో ఎండకు కరువు లేదు. చేపలకు సముద్రంలో కరువు లేదు. ఒక్కదానికే కరువు. అదేమిటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

మంచినీరు బండి అడుగున ఒక ట్యాంకులో ఉంటుంది. గిన్నెలు కడిగిన నీరు ఇంకో ట్యాంకులోకీ, మరుగుదొడ్డి మురుగు మూడోదానిలోకీ పోతాయి. మంచినీటి ట్యాంకు 150 లీటర్లది అనుకోండి. బండిలో ఇద్దరు మనుషులు. మళ్ళీ నింపుకోవటానికి పది రోజులు పడుతుంది. అయితే మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు? పలక తీసి లెక్క వెయ్యండి.

ఏడున్నర లీటర్లు! మీరు స్నానానికి పెట్టుకునే బకెట్టులో సగం కూడా కాదు. అందులోనే తాగటం, వంట, గిన్నెలు, ముఖం కడుక్కోవటం, స్నానం అన్నీ జరగాలి. మీ ఇంట్లో కొళాయి కింద పళ్ళు తోముకుంటూ నీళ్ళు అలా వదిలేస్తే, రెండు మూడు నిమిషాల్లో అంత నీరూ కాలవలో కలుస్తుంది.

"ఎదురుగా సముద్రం నిండా నీళ్ళు ఉన్నాయి గదా?" అనవచ్చు మీరు. సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది తాగితే ఆ ఉప్పును బయటికి పంపటానికి మన మూత్రపిండాలు తాగిన నీటి కన్న ఎక్కువ నీరు ఖర్చు చెయ్యాలి. దాహం తీరదు సరిగదా, పెరుగుతుంది. ఈదటానికీ, జిడ్డు గిన్నెలు మొదటిసారి తొలవటానికీ మటుకు ఉప్పునీరు పనికి వస్తుంది.

అందుచేత చక్రాల ఇంటివాళ్ళు కొత్త అలవాట్లు నేర్చుకుంటారు. స్నానం చేసేటప్పుడు ఒళ్ళు తడుపుకుని కొళాయి కట్టేస్తారు. సబ్బు రుద్దుకున్నాక మళ్ళీ తిప్పుతారు. కూరలు కడిగిన నీటితో ఇంకో పని చేసుకుంటారు. మన నాయనమ్మలు చెంబుతో కొలిచి స్నానం చేసే పద్ధతి వాళ్ళు వేల కిలోమీటర్లు పోయి నేర్చుకుంటున్నారన్నమాట!

ఒడ్డున ఇరుగుపొరుగు

ఇంత ఇరుకులో, ఇన్ని లెక్కలతో బతకటం బాధ కాదా? విచిత్రమేమిటంటే, అక్కడికి పోయినవాళ్ళు మరుసటి ఏడు మళ్ళీ అక్కడికే పోతారు.

ఇల్లు చిన్నదైనప్పుడు మనిషి ఎక్కువసేపు బయటే కూర్చుంటాడు. బయట కూర్చున్నవాణ్ణి దారిన పోయేవాడు పలకరించక మానడు. పది రోజులు పలకరించుకుంటే పొరుగువారు అవుతారు. ఒకరి బ్యాటరీ పని చెయ్యకపోతే ఇంకొకరు పనిముట్లు పట్టుకుని వస్తారు. ఊళ్ళోకి పోయేవాడు, "మీకేమైనా కావాలా?" అని పక్క బండ్లవాళ్ళను అడుగుతాడు. చదివిన పుస్తకాలు చేతులు మారతాయి. పండగ రోజున ఎవరు వండినది వాళ్ళు తెచ్చి అందరూ కలిసి తింటారు.

వీళ్ళందరికన్న ముఖ్యమైనవాళ్ళు ఆ ఊరివాళ్ళు. వాళ్ళు చిన్న ట్రక్కులలో కూరగాయలు, రొయ్యలు, మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలే అనే పొట్లాలు, తాగే నీళ్ళ డబ్బాలు తెచ్చి అమ్ముతారు. అతిథికి మొదట అవసరమయ్యే మాటలు రెండు. ఒకటి "అగ్వా", అంటే నీళ్ళు. రెండోది "గ్రాసియాస్", అంటే మీకు కృతజ్ఞత. మొదటి మాట తెలిసి రెండోది తెలియనివాడు మంచి అతిథి కాడు.

అతిథి ధర్మం ఇంకొకటి ఉన్నది. మురుగు ట్యాంకును అఖాతంలో వదలరాదు. దానికి ఏర్పాటు ఉన్న చోటే వదలాలి. చెత్త మూట కట్టి ఊళ్ళోకి తీసుకుపోవాలి. ఒక్కడు ఈ నియమం తప్పితే ఆ నీటిలో ఈదే పిల్లలందరికీ ముప్పే. ఆ ఒడ్డు ఆతిథ్యం ఇస్తున్నదంటే, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని పాడుచెయ్యకపోబట్టే.

బాపట్ల ఇసుకలో మంచినీటి ట్యాంకు

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. బాపట్ల, చీరాల దగ్గర సముద్రానికి కాస్త ఇవతల ఇసుక నేలలు ఉన్నాయి. చుట్టూ ఉప్పు సముద్రం ఉండగా ఆ ఇసుకలో కొద్ది అడుగులు తవ్వితే మంచినీరు ఊరుతుంది. రైతులు గుంట తవ్వి, దాని గట్టు నుంచి లోపలికి ఏటవాలుగా దారి చేసుకుంటారు. ఈ గుంటను దొరువు అంటారు. పూర్వం రైతు రెండు చేతుల రెండు కుండలు పట్టుకుని దొరువులోకి దిగి, ముంచుకుని, పైకి వచ్చి నారుమడి మీద చిలకరించేవాడు. రోజంతా దిగటం, ఎక్కటం, పొయ్యటం! ఆ కష్టం ఊహించండి.

ఇంతకూ ఉప్పు సముద్రం పక్కన తీపి నీరు ఎక్కడిది? వానలో నుంచి. ఇసుక వాననీటిని వెంటనే పీల్చుకుంటుంది. కింద నేలలో సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. ఉప్పునీటి కన్న మంచినీరు తేలిక గనక దాని మీద తేలి నిలుస్తుంది. పాల మీద మీగడ లాగా! అంటే దేవుడిచ్చిన మంచినీటి ట్యాంకు మన కాళ్ళ కిందే ఉన్నది.

కాని దీనికి ఒక లెక్క ఉన్నది. మంచినీరు సముద్రమట్టం కన్న ఒక అడుగు ఎత్తున నిలబడితే, దాని బరువుకు కింది ఉప్పునీరు సుమారు నలభై అడుగులు అణిగి ఉంటుంది. అందుచేత పైన ఒక్క అడుగు నీరు తోడేశామా, కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావటానికి దారి ఇచ్చినట్టే. పెద్ద మోటారు పెట్టి ఒకే చోట లోతు నుంచి లాగితే ఉప్పునీరు పుట్టలాగా పైకి పొంగుతుంది. ఆ నీరు తాగటానికీ పనికిరాదు, పైరుకూ పనికిరాదు. ఒకసారి ఉప్పగా మారిన నీరు తిరిగి తీపెక్కాలంటే ఎన్నో వానలు కురవాలి.

ఇప్పుడు తెలిసిందా, కుండలతో ముంచిన ఆ పాతకాలపు రైతు ఎంత తెలివిగలవాడో? అతను పై మీగడ మాత్రమే తీసుకున్నాడు. ఉప్పునీటి వాడకం మీద బాపట్లలో పరిశోధన చేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ తెలివినే తీసుకుని, రైతు కష్టం మటుకు తగ్గించారు. ఇసుకలో తక్కువ లోతున బెజ్జాల గొట్టాలను అడ్డంగా పరిచారు. పై పొరలోని మంచినీరు నాలుగు వైపుల నుంచి ఆ గొట్టాల ద్వారా ఒక బావిలోకి చేరుతుంది. అక్కడి నుంచి చిన్న మోటారుతో తోడుకోవచ్చు. దొరువు పద్ధతే, కాని నడుము నొప్పి లేదు!

చక్రాల ఇంటివాడికి తన ట్యాంకులో నీరు తగ్గటం గడియారంలో ముల్లు లాగా కనిపిస్తుంది. అందుచేత జాగ్రత్తపడతాడు. నేల కింది ట్యాంకుకు ముల్లు లేదు. చెంబెడు తీసినా, లారీడు తీసినా మన కంటికి ఒకటే. మన ఒడ్డుకూ ఏటేటా అతిథులు వస్తున్నారు. సెలవు రోజున సూర్యలంకలో ఎంత జనమో మీరు చూసే ఉంటారు. కొళాయి కింద ఇసుక కడుక్కునేటప్పుడు, ఆ నీరు ఎక్కడిదో ఒక్క క్షణం తలుచుకోండి.

కదిలే ఇల్లు, కదలని ఇల్లు

ఇంకో మాట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. బాహా ఒడ్డున తుఫానులు వచ్చే కాలం మే నెల నుంచి నవంబరు దాకా. 2006లోనూ, 2009లోనూ సెప్టెంబరు నెలల్లో వచ్చిన తుఫానులకు ములెహే నది పొంగి ఊరంతా మునిగింది. చలికాలానికి ఆ సముద్రం చల్లబడుతుంది. తుఫానుకు ఆహారం వెచ్చని సముద్రమే. అది లేక తుఫానులు పుట్టవు. అందుకే కాంపర్ బండ్లు అప్పుడు వస్తాయి.

మన బంగాళాఖాతం అలా కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో కూడా వెచ్చగానే ఉంటుంది. మన పెద్ద తుఫానులలో చాలా భాగం అప్పుడే వస్తాయి. 1977 నవంబరు 19న రేపల్లెకు నది అవతల ఉన్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరికలు వచ్చాయి, జనాన్ని భద్రమైన చోట్లకు చేర్చారు.

తుఫాను వస్తున్నదంటే చక్రాల ఇంటివాడు ఇంజను తిప్పి పోతాడు. జాలరి పాకకు చక్రాలు లేవు. దానికి ముందుగా అందిన కబురే చక్రం. కనుక మీరు ఒడ్డుకు విహారానికి పోయినప్పుడు హెచ్చరిక వినిపిస్తే, "ఇంకొక్క అల చూసి వస్తాం" అని మొండికెయ్యకండి. అతిథి ముందుగా కదిలితే, సాయం చేసేవాళ్ళు ఊరివాళ్ళ మీద దృష్టి పెట్టగలుగుతారు.

చేసి చూడండి

మన ఇసుక కింది ట్యాంకును మీ వంటింట్లో తయారుచేద్దాం. కావలసినవి: ఒక గాజు గ్లాసు, ఉప్పు, చిటికెడు పసుపు, చెంచా, రసం తాగే గొట్టం.

గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి, మూడు చెంచాల ఉప్పు, పసుపు వేసి బాగా కలపండి. ఇది సముద్రపు నీరు. ఇప్పుడు చెంచాను ఆ నీటి మీద ఆనించి, దాని మీదుగా మంచినీటిని చాలా మెల్లగా, ధారగా పొయ్యండి. తొందరపడితే రెండూ కలిసిపోతాయి. ఓపికగా పోస్తే కింద పసుపు నీరు, పైన తెల్లని నీరు విడిగా నిలుస్తాయి.

గొట్టాన్ని పై పొరలో కొద్దిగా ముంచి, పై చివరను వేలితో మూసి, ఎత్తి, నాలుక మీద ఒక చుక్క వేసుకోండి. తీపి నీరే. ఇప్పుడు గొట్టాన్ని అడుగుదాకా దించి అలాగే చెయ్యండి. మీ ముఖం ఎలా ముడుచుకుంటుందో అద్దంలో చూసుకోండి! ఒకటి దొరువు, రెండోది లోతు బోరు. ఈ తేడా మీ తమ్ముడికీ చెల్లాయికీ కూడా చూపించండి.

ఒక ఆదివారం ఇంకో పని కూడా చెయ్యండి. పొద్దున లేవగానే ఒక బిందెలో ఏడున్నర లీటర్లు కొలిచి పెట్టుకోండి. "ఈ రోజు నేను చక్రాల ఇంట్లో ఉన్నాను" అనుకుని, తాగటం నుంచి స్నానం దాకా ఆ నీటితోనే గడపటానికి ప్రయత్నించండి. మరీ దాహం వేస్తే మటుకు మొండిపట్టు పట్టక తాగండి. సాయంత్రానికి బిందెలో ఎన్ని చెంబులు మిగిలాయో లెక్క రాసుకోండి. మిగిలినవాటిని పెరట్లో మొక్కకు పొయ్యండి.

గూడుబండిలో మంచినీళ్ళ కుండ పెట్టుకుని సముద్రానికి బయలుదేరిన మీ ముత్తవ్వ ఈ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకునేది. మీకు ఎన్ని వస్తాయో చూద్దాం!